జీతం ఎంతో చెప్పి చేర్చుకోండి: సోషల్ వర్క్ విభాగాలకు ఒక బహిరంగ లేఖ

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల యూనివర్సిటీల్లో, కాలేజీల్లో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో రెండేళ్ళ పీజీ) నడుపుతున్న విభాగాధిపతులకు, అధ్యాపకులకు నమస్కారం.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఈసారి అడ్మిషన్లు మొదలయ్యేలోపు మీ విభాగం నోటీసు బోర్డు మీద ఒక్క కాగితం అంటించండి. పోయిన మూడు బ్యాచ్‌ల పిల్లల్లో ఎంతమంది ఏ పనిలో ఉన్నారు, మొదటి నెల చేతికి ఎంతొచ్చింది, ఎంతమంది ఈ రంగాన్నే వదిలేసి ఇంకో దారి చూసుకున్నారు, అంతే. పేర్లు అక్కర్లేదు, ఫొటోలు అక్కర్లేదు. శాలువా కప్పించుకున్న పాత విద్యార్థి ఫొటో ఒక్కటి ఫ్లెక్సీ మీద వేస్తే దాన్నిబట్టి ఎవరూ లెక్క వేసుకోలేరు.

నేను అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ఈ డిగ్రీ చేసినదాన్నే. మీలో కొందరు నాకు పాఠాలు చెప్పినవాళ్ళు, ఆ గౌరవం అలాగే ఉంది. ఇప్పుడు మీరు ఫీల్డ్‌వర్క్‌కు పంపే పిల్లలకు మా సంస్థ తరఫున సూపర్‌వైజర్‌ని. వారానికి రెండు రోజులు మా ఆఫీసుకొస్తారు, రికార్డుల మీద సంతకాలు నేనే పెడతాను. క్లాసులో మీకు చెప్పలేని మాటలు టీ తాగేటప్పుడు నాకు చెబుతారు. వేసవి వచ్చిందంటే వాళ్ళ ఊళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మా పాప ఎమ్మెస్‌డబ్ల్యూ చేస్తానంటాంది. చేస్తే ఎంతొస్తాదమ్మా? అప్పు చేసి చదివించొచ్చునా?" అని. ఆ తండ్రి అడుగుతున్నది చాలా తెలివైన ప్రశ్న. జవాబు చెప్పాల్సింది మాత్రం నేను కాదు, మీరు.

ఫీజు తక్కువే కదా, దీనికి అప్పుల గోలేమిటి అని మీరనొచ్చు. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఫీజు తక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ డిగ్రీ ఖర్చంతా ఫీజులో లేదు, బస్సు టికెట్లలో ఉంది. వారానికి రెండు రోజులు ఫీల్డుకు పోవాలి. నార్పల మండలం బండ్లపల్లికి పోతామని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన ఊరు కదా. బస్సు దిగాక ఆటో, మధ్యాహ్నం హోటల్లో భోజనం, వెనక్కి వచ్చేసరికి లైబ్రరీ మూసేస్తారు. దీనికి తోడు రూరల్ క్యాంపుకు తలా ఇంత, స్టడీ టూర్‌కు ఇంత, రికార్డు పుస్తకాలు, డిసర్టేషన్ టైపింగు, బైండింగు. చివర్లో బ్లాక్ ప్లేస్‌మెంట్ అని నెల రోజులు ఇంకో ఊళ్ళో సొంత ఖర్చుతో ఉండాలి, పైసా స్టైపెండ్ రాదు. ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఇవి రాసి ఉండగా నేను చూడలేదు. బస్సెక్కి సగం దూరం పోయాక టికెట్ ధర చెప్పినట్టుంటుంది వ్యవహారం.

ఈ ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో మీకు తెలియాలి. ఉరవకొండ వైపు నుంచి వచ్చే రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె గ్రామీణ కుటుంబాల అప్పుల మీద కేస్ వర్క్ రికార్డు, అంటే ఒక మనిషి కష్టాన్ని దగ్గరగా చూసి రాసే నివేదిక, రాసి నా ముందు పెట్టింది. పద్ధతిగా, అందంగా రాసింది. క్లయింటు పేరు మార్చింది, వయసు వేసింది, వేరుశనగ రెండేళ్ళుగా ఎలా పోయిందో రాసింది. అప్పుల వివరాల దగ్గర మూడు వరుసలు: డ్వాక్రా సంఘంలో 40 వేలు, కమ్మలు తాకట్టు పెట్టి 35 వేలు, తెలిసినవాళ్ళ దగ్గర నూటికి రెండు చొప్పున 50 వేలు. కారణం అన్న చోట "కూతురి చదువు" అని ఉంది. ఏం చదువని అడిగితే తల దించుకుంది. ఆ క్లయింటు వాళ్ళమ్మే. చదువు ఇదే. మార్కులు నేనేమీ తగ్గించలేదు, రికార్డులో ఒక్క తప్పు లేదు మరి.

మన ప్రాంతంలో సోషల్ వర్క్ విద్యార్థుల అప్పు ఉండేది ఇక్కడే. అది బ్యాంకుల విద్యారుణాల లెక్కల్లో దొరకదు. తల్లి సంఘం పాసుపుస్తకంలో ఉంటుంది, బంగారం తాకట్టు రసీదులో ఉంటుంది, రెండు రూపాయల వడ్డీకి రాసిచ్చిన ప్రామిసరీ నోటులో ఉంటుంది. విద్యారుణమైతే చదివేటప్పుడు కంతు కట్టక్కర్లేదు. రెండు రూపాయల వడ్డీకి ఆ వెసులుబాటు లేదు. 50 వేలకు నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు. పిల్ల నాలుగు సెమిస్టర్లు పూర్తి చేసేసరికి వడ్డీకే 24 వేలు పోతాయి, అసలు కదలదు. సంఘం కంతు ప్రతి నెలా కట్టి తీరాలి, ఒక్క నెల తప్పినా తోటి సభ్యుల ముందు మాట పడాలి. కమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు, పెళ్ళిలోపు విడిపించాలన్న టెన్షన్ ఇంటిల్లిపాదికీ ఉంటుంది.

2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్స్ ఎందుకు తెచ్చిందో మీరు క్లాసులో బాగా చెబుతారు. సంఘం అప్పు తీర్చడానికి ఇంకో చోట అప్పు చేయడం, వారం వారం కంతుల కోసం ఇంటి ముందు కూర్చోవడం, అన్నీ బోర్డు మీద బాణం గుర్తులు వేసి వివరిస్తారు. మొదటి బెంచీలో కూర్చుని అది రాసుకుంటున్న పిల్ల ఫీజు ఆ బాణాల్లో ఏదో ఒక చోట నుంచే వచ్చి ఉంటుంది. అడిగి చూడండి.

బ్యాంకు విద్యారుణం తీసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, ముఖ్యంగా బయటికి పోయేవాళ్ళు. ముంబైలో 1936లో పుట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్ పేరు మీరు చెప్పీ చెప్పీ పిల్లలకు అదొక కల. మంచి కలే. కానీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు ఇచ్చే ఆర్థిక సాయం తగ్గించారని అదే సంస్థలో 2018లో పిల్లలు క్లాసులు మానేసి సమ్మె చేశారు. అంత పేరున్న చోట కూడా ఫీజూ హాస్టలూ కలిసి పేదింటి పిల్లల్ని ఎలా ఇరకాటంలో పెడతాయో ఆ సమ్మె చెప్పింది. మన పిల్లలకు ఆ కథ కూడా చెప్పండి.

బ్యాంకుల నిబంధనల్లో 4 లక్షల వరకు విద్యారుణానికి హామీ అడగరు, ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు చూపాలి. చదువు కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది వరకు కంతులు కట్టక్కర్లేదు. వినడానికి హాయిగా ఉంటుంది. ఆ కాలమంతా వడ్డీ పెరుగుతూ ఉంటుందన్నది కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. లెక్క సులువుగా ఉండడానికి వడ్డీ 10 శాతం అనుకుందాం. మొదటి ఏడాది లక్షన్నర, రెండో ఏడాది లక్షన్నర, మొత్తం 3 లక్షలు తీసుకున్న పిల్లాడికి కంతులు మొదలయ్యే రోజుకు బాకీ 3 లక్షల 75 వేలు. ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకు 6,225 రూపాయలు. పదేళ్ళకు పెట్టుకుంటే నెలకు సుమారు 4,955, కానీ మొత్తం కట్టేది 6 లక్షలకు దగ్గరగా పోతుంది. కేంద్రం వడ్డీ రాయితీ ఉన్నవాళ్ళకు చదివే కాలపు వడ్డీ భారం తగ్గుతుంది, అది ఎవరికి వర్తిస్తుందో సీటు తీసుకోకముందే తెలుసుకోవాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి విద్యారుణ పథకం ర్యాంకులున్న సంస్థల జాబితాకే పరిమితం. మీ సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో కూడా ఆ నోటీసు కాగితం మీదే ఒక ముక్క రాస్తే పుణ్యం. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 80ఇ కింద విద్యారుణం వడ్డీకి మినహాయింపు ఉందని ఒక వర్క్‌షాపులో పిల్లలకు గొప్పగా చెప్పారు. ట్యాక్స్ కట్టేంత జీతం వస్తే మనం ఈ ఉత్తరం రాసుకునేవాళ్ళమా?

లోను కోసం పోయిన పిల్లలు బ్యాంకు మేనేజర్ మీద నా దగ్గర చాడీలు చెబుతారు. "ఈ కోర్సు చేస్తే ఏం జాబ్ వస్తుంది, ఎంత ఇస్తారు అని అవమానంగా అడిగాడక్కా" అని. గొంతు ఎలా ఉందో నాకు తెలియదు గానీ, ప్రశ్నలో తప్పేముంది? అడ్మిషన్ నుంచి కాన్వొకేషన్ దాకా ఆ పిల్లను జీతం గురించి అడిగిన పెద్దమనిషి ఆయనొక్కడే.

ఇక జీతాల మాట. ప్రభుత్వం కాగితం మీద పెట్టినవి చెబుతాను, ఎవరూ కాదనలేరు. పిల్లల సంరక్షణ కోసం జిల్లాల్లో నడిచే మిషన్ వాత్సల్యలో 2022 మార్గదర్శకాల ప్రకారం సోషల్ వర్కర్‌కు నెలకు 18,536 రూపాయలు. కౌన్సిలర్‌కూ అంతే. ఔట్‌రీచ్ వర్కర్‌కు 10,592. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు 27,804. జిల్లా బాలల సంరక్షణ అధికారికి 44,023. చివరి అంకె చూసి ఆశపడేలోపు పోస్టులెన్నో చూడండి. జిల్లా యూనిట్‌కు ఆ అధికారి ఒక్కరు, ప్రొటెక్షన్ ఆఫీసర్లు ఇద్దరు, సోషల్ వర్కర్లు ఇద్దరు, ఔట్‌రీచ్ వర్కర్లు ఇద్దరు. అన్నీ కాంట్రాక్టే. సోషల్ వర్కర్ పోస్టుకు మామూలు డిగ్రీ చాలు, పీజీ చేసినందుకు అదనంగా ఏమీ రాదు. మీ ఒక్క విభాగం నుంచి ఒక్క ఏడాది బయటికొచ్చే బ్యాచ్ ఎంతో మీకే తెలుసు.

ఆ అంకెల పక్కన పైన చెప్పిన కంతు పెట్టండి. 18,536లో 6,225 పోతే మూడో వంతు పోయినట్టు. ఔట్‌రీచ్ వర్కర్‌గా చేరితే జీతంలో సగం దాటిపోతుంది. ఔట్‌రీచ్ వర్కర్ ఏడాది జీతం మొత్తం కూడితే 1,27,104. ఆ ఉరవకొండ వైపు అమ్మాయి తల్లి చేసిన అప్పు లక్షా పాతిక వేలు. పిల్ల ఏడాది పొడుగునా తినకుండా, బస్సెక్కకుండా పనిచేస్తే తల్లి అసలు తీరుతుంది. రెండు రూపాయల వడ్డీ అప్పటికీ మిగిలే ఉంటుంది.

స్వచ్ఛంద సంస్థల్లో మేమేం తక్కువ తినలేదు. మా ప్రకటనలు చూడండి: "ఎం.ఎస్.డబ్ల్యూ. తప్పనిసరి, టూ వీలర్ ఉండాలి, సేవాభావం ఉండాలి, గ్రామాల్లో బస చేయగలగాలి. జీతం: అర్హతను బట్టి." అర్హత ఏదో పైన రాసేశారుగా, ఇక దేన్ని బట్టి? ఇంటర్వ్యూ చివర్లో అంకె చెబుతారు, అప్పటికే పిల్ల ఆ పని మీద ఇష్టం పెంచుకుని ఉంటుంది, సరేనంటుంది. బండి పెట్రోలు ఆమెదే. ప్రాజెక్టు మూడేళ్ళని చెప్పి ఏడాదిన్నరకు ముగించిన చోట్లు ఉన్నాయి. మా సంస్థలో నేను కొట్లాడి ప్రకటనలో జీతం అంకె వేయించాను. దరఖాస్తులు తగ్గుతాయేమోనని కమిటీలో భయపడ్డారు, తగ్గలేదు.

సంస్థల వైపు కారణాలు కూడా చెప్పకపోతే అన్యాయం. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదన్నారు. తాలూకా కేంద్రాల్లో పెద్ద సంస్థల చేతి కింద బతికిన చిన్న సంస్థలు ఈ రెండో నిబంధనతోనే చితికిపోయాయి. ఎం.ఎస్.డబ్ల్యూ. పిల్లలకు మొదటి ఉద్యోగం దొరికేది సరిగ్గా అలాంటి చోటే. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు ఉంది కదా అంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు గదులు కడతాయి, ఆర్‌వో ప్లాంట్లు పెడతాయి, వాటి మీద పేరు రాయించుకోవచ్చు. ఊరూరూ తిరిగే మనిషి జీతం మీద పేరు రాయించుకోవడం కుదరదు.

మీ మాటల్లో ఇంకా వినిపించే ఆశకు మూలం ఎక్కడుందో నాకు అర్థమవుతుంది. ఈ డిగ్రీకి మన జిల్లాలో నిజంగానే ఒక మంచికాలం నడిచింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టాక ఊళ్ళలో పనిచేసే చదువుకున్న మనుషుల అవసరం ఇక్కడ అందరికంటే ముందే వచ్చింది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో పేదరిక నిర్మూలనకు వెలుగు ప్రాజెక్టు మొదలైనప్పుడు తొలి ఆరు జిల్లాల్లో అనంతపురం ఒకటి, కర్నూలు, కడప తర్వాతి విడతలో వచ్చాయి. మండలానికి ఇంతమంది కోఆర్డినేటర్లు కావాలని సోషల్ వర్క్ పిల్లల్ని వెతికి తీసుకున్న రోజులవి. ఆ బ్యాచ్‌ల వాళ్ళు కుదురుకున్నారు, ఇళ్ళు కట్టుకున్నారు, మీ వెబినార్లకు అతిథులుగా వచ్చేదీ వాళ్ళే. "మా బ్యాచ్‌లో అందరూ సెటిలయ్యారు" అంటే నిజమే చెబుతున్నారు. ఆ నిజం వయసు ఇరవై ఏళ్ళు దాటింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు మన పిల్లలు ప్రొబేషన్‌లో 15 వేల జీతానికి కూడా స్వచ్ఛంద సంస్థలు వదిలి పరుగెత్తింది ఊరికే కాదు. పర్మనెంట్ అన్న మాట వాళ్ళ ఇళ్ళలో అంత బరువైనది.

సేవకు లెక్కలేంటమ్మా అని మీలో ఒకరు సభలో అన్నారు. అన్నవారి జీతం యూజీసీ స్కేలులో ఉంది, నెల మొదట్లో ఖాతాలో పడుతుంది. నేను ఎగతాళి చేయడం లేదు, ఆ స్కేలు మీకు న్యాయంగా రావలసిందే. సేవ పేరు చెప్పి జీతం మాట ఎత్తకుండా చేయడం మాత్రం ఒప్పుకోను. మనం ఊళ్ళలో కూలి అడగమని ఆడవాళ్ళకు నేర్పిస్తాం, పని కొలతలు చూసుకోమంటాం, మస్టర్ రోల్ చదివి వినిపిస్తాం. 2009 నుంచి సామాజిక తనిఖీలకు ప్రత్యేక సొసైటీ పెట్టుకున్న రాష్ట్రం మనది. ఊరి జనం ముందు ప్రభుత్వ లెక్కలు బయటపెట్టించే మనం, మన విభాగం లెక్క నోటీసు బోర్డు మీద పెట్టడానికి సిగ్గుపడితే ఎలా సార్?

ఈ డిగ్రీ ఎత్తేయమని నేననడం లేదు. చేయదగినవాళ్ళు ఉన్నారు, చేయదగిన దారులూ ఉన్నాయి. ప్రభుత్వ హాస్టల్లో సీటు, స్కాలర్‌షిప్పు వచ్చి క్యాంపస్‌లో చదివే పిల్లకు అప్పు దాదాపు లేకుండానే పూర్తవుతుంది, ఆమెకు నేను ధైర్యంగా చేరమంటాను. మానసిక ఆరోగ్యం వైపు పోవాలనుకునేవాళ్ళకు ఇది మంచి మెట్టు. 2017 మానసిక ఆరోగ్య చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరో అర్హతతో సహా నిర్వచించింది, పక్కనే బెంగళూరులో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. పీజీ తర్వాత ఇంకా చదవాలి, పోటీ గట్టిది, ఆ మాట మొదటి సెమిస్టర్‌లోనే చెప్పాలి. ఫ్యాక్టరీల వైపు ఇంకో దారి. 500 మంది కార్మికులున్న చోట సంక్షేమ అధికారి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది, కొత్త లేబర్ కోడ్ దాన్ని 250 మందికి తగ్గించింది. పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ విడిభాగాల యూనిట్లు, తాడిపత్రి, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు మన గడపలోనే ఉన్నాయి. మీ పిల్లల్ని బ్లాక్ ప్లేస్‌మెంట్‌కు అక్కడికి పంపిన విభాగాలు ఎన్ని? అందరినీ నాలాంటి వాళ్ళ ఆఫీసులకే పంపుతారు, మేం జెరాక్సులు తీయించి పంపుతాం. ఈ మాట మా వాళ్ళకు కోపం తెప్పించినా ఫర్వాలేదు.

ప్రైవేట్ కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళ పరిస్థితి వేరు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేట్ కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి, రాజకీయ హామీలూ వచ్చాయి. అది ప్రభుత్వంతో తేల్చుకోవాల్సిన సంగతి, ఈ ఉత్తరం మీకు. అడ్మిషన్ రోజున "మీకు రీయింబర్స్‌మెంట్ వస్తుందో రాదో" రాతపూర్వకంగా చెప్పే పని మీ చేతిలో ఉంది. ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోకుండా ఉండడమూ మీ చేతిలోనే ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. మా దగ్గర ఎంపికైన ఒకబ్బాయి ఒరిజినల్స్ తేలేక చేరలేకపోయాడు. బాకీ తీర్చాలంటే జీతం కావాలి, జీతం కావాలంటే సర్టిఫికెట్ కావాలి. వాళ్ళ నాన్న మళ్ళీ రెండు రూపాయల వడ్డీకే పోయాడు.

ఫోన్ చేసే తల్లిదండ్రులకు నేను చెప్పే కొలత ఇది: చదువు కోసం ఇంటి మీద పడే అప్పు మొత్తం, తల్లి సంఘం అప్పు, తాకట్టు కూడా కలిపి, మొదటి ఏడాది జీతంలో సగం దాటకూడదు. 18,536 వచ్చే పిల్లకు అది లక్షా పదకొండు వేలు. ఎందుకంత అంటే, గదికీ తిండికీ ప్రయాణానికీ ఫోనుకూ పోగా, ఇంటికి కొంత పంపగా, ఆ జీతంలో అప్పుకు మళ్ళించగలిగింది నెలకు ఆరు వేలు మించదు. అలాగైతే ఏడాదిన్నర, రెండేళ్ళలో ఒడ్డున పడుతుంది. అంతకు మించి అప్పయితే, ఆ పిల్ల ఇష్టం ఉన్నా లేకపోయినా జీతం ఎక్కడ ఎక్కువిస్తే అక్కడికి పోతుంది. బెంగళూరులో కాల్ సెంటర్‌లో కూర్చుంటుంది. మీరు తయారుచేసిన మంచి సోషల్ వర్కర్‌ను ఈ రంగానికి దూరం చేసేది సేవాభావం లేకపోవడం కాదు, నెల నెలా వచ్చే కంతు. ఈ కొలత మొరటుదే. వడ్డీ రేటు మారితే మారుతుంది, తండ్రికి నీళ్ళున్న పొలం ఉంటే సడలించొచ్చు. దీనికంటే మంచిది మీ దగ్గరుంటే అదే చెప్పండి, నేను నాది పక్కన పెడతాను.

నోటీసు కాగితంతో పాటు ఇంకో రెండు మూడు పనులు మీ వల్ల అవుతాయి. ఫీల్డ్‌వర్క్‌కు పంపేటప్పుడు బస్సు పాసు వర్తించే దూరంలోని ఊళ్ళే ఎంచుకోండి, లేదా మా సంస్థల మెడలు వంచి ప్రయాణ ఖర్చులు ఇప్పించండి. పిల్లల్ని తీసుకోవాలంటే ఛార్జీలివ్వాలని మీరంతా ఒక్క మాట మీద నిలబడితే మేం ఇవ్వక తప్పదు, మాకు వాళ్ళు లేకపోతే సర్వేలు జరగవు. ఉద్యోగ ప్రకటనలు మీ విభాగం వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు జీతం అంకె లేనివి వెనక్కి పంపండి. డాక్టర్లకు, లాయర్లకు ఉన్నట్టు మన వృత్తికి దేశమంతటికీ చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు, కనీస జీతం ఇదీ అని ఖాయం చేసే నాథుడు లేడు. కాబట్టి ఉన్నంతలో మీరే ఆ పని చేయాలి.

2021 నుంచి పీజీ సీట్లు పీజీసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నిండుతున్నాయి, మొదటిసారి ఆ పరీక్ష నడిపింది మన కడప యోగి వేమన యూనివర్సిటీయే. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో పిల్లలు ఇంటర్‌నెట్ సెంటర్లో కూర్చుని కాలేజీ పేరు, కోడ్ చూసి నొక్కేస్తారు. ఆ వారానికి ముందే కాగితం బయటికి రావాలి, తర్వాత వచ్చి లాభం లేదు. పాత విద్యార్థుల వివరాలు సేకరించడానికి మనుషులు లేరంటారేమో, ఆ పని మేం చేస్తాం. మా ఆఫీసులో ఒక పేజీ ఫారం తయారుగా ఉంది, తెలుగులోనే ఉంది: చేరిన సంవత్సరం, ఇప్పుడు చేస్తున్న పని, మొదటి జీతం, ఇప్పటి జీతం, చదువుకైన ఖర్చు, అప్పు ఎవరి పేరు మీద ఉంది, ఎంత తీరింది. అప్పు ఎవరి పేరు మీద ఉందన్న గడి మాత్రం తీసేయొద్దు, మిగతావి మీకు తోచినట్టు మార్చుకోండి. ఫోన్ నంబర్ల జాబితా ఇస్తే చాలు, ఇద్దరు వలంటీర్లను కూర్చోబెట్టి నెలలోపు పూర్తిచేసి ఇస్తాం. ఫీల్డ్‌వర్క్ పిల్లలతో కాదు, వాళ్ళకు ఛార్జీలు ఇవ్వడం మొదలుపెట్టాక అడుగుతాం.

ఇట్లు,
మీ పాత విద్యార్థిని, ఇప్పటి ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్,
అనంతపురం